పదిహేడు శాతం

"నా సీసా ముందు వచ్చింది. ఆయనది ఎందుకు ముందు పెట్టావు?"

ఆమె తల ఎత్తలేదు. సిరంజిలో గాలి బుడగ లేకుండా చూసుకుంటూ, "ఆయనది ప్లాంటు శాంపిల్. అక్కడ యూనిట్ నడుస్తోంది. నీది ల్యాబుది. అరగంట ఆగితే చచ్చిపోదు," అంది.

"నేను చచ్చిపోతానేమో."

"అయితే ఆ సంగతి చీటీ మీద రాయి, చూద్దాం."

ఆయనంటే హెల్మెట్. మూడు నెలల కిందట వచ్చిన ప్లాంటు ఇంజనీరు. అసలు పేరు ఏదో ఉంది, నేను పలకను. హెల్మెట్ చంకలో పెట్టుకుని తిరుగుతాడు. ఎనాలిసిస్ గదిలోకి రాగానే దాన్ని తీసి ఆమె బల్ల మీద దర్జాగా పెడతాడు. రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గరే పడిగాపులు పడుతున్నాను, అక్కడ పెన్ను పెట్టడానికి కూడా నేను ఆమెను అడిగేవాణ్ణి.

నా పని చెబుతాను. రిఫైనరీలో మిగిలే పెట్రోలియం గ్యాస్‌లో ప్రొపిలీన్ అనే ఓలెఫిన్ రకం వాయువు ఉంటుంది. దాన్ని నీళ్ళతో కలిపి, వేడి, ప్రెషర్ ఇచ్చి, ఆమ్లగుణమున్న రెజిన్ పూసల మీదుగా పంపితే ఆల్కహాల్ అవుతుంది. తాగేది కాదు. రంగుల్లో కలిపేది, మా ల్యాబులో గాజు సామాను కడుక్కునేది. బయటికి వచ్చే ద్రవంలో ఎంత ఆల్కహాల్ ఉందో ఆమె మెషీన్ మీద చూసి చెబుతుంది. నేను తయారు చేసిన కొత్త పూసలు తొమ్మిది శాతం దగ్గర మొండికేసి కూర్చున్నాయి.

ఆ సోమవారం కూడా తొమ్మిదే వచ్చింది. రీడింగ్ కాగితం చింపి ఇస్తూ, "ఆదివారం వాళ్ళమ్మగారు మా ఇంటికి వస్తున్నారు," అంది.

"ఎవరి అమ్మగారు?"

"ఇంజనీరుగారి అమ్మగారు. సంబంధం మాట్లాడటానికి. మా అమ్మ సరే రమ్మంది."

"నువ్వేమన్నావు?"

"ఇంకా ఏమీ అనలేదు."

నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఏదో అడుగుతోందని నాకు తెలుసు. "మంచిదేగా. జీతం కూడా బాగానే ఉంటుంది," అన్నాను. నాలాంటి మొద్దావతారం ఎక్కడా ఉండదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. అడగాలంటే ఏ మొహం పెట్టుకుని అడగను? అతను ఏకంగా ఒక యూనిట్‌నే నడుపుతున్నాడు. నా దగ్గర ఉన్నది తొమ్మిది. శుక్రవారం ల్యాబు మీటింగులోగా ఆ అంకె పెరిగితే, అప్పుడు తలెత్తుకుని అడుగుదామనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం రియాక్టర్ దగ్గర నిలబడి ఉన్నాను. అద్దంలోంచి ఎనాలిసిస్ గది కనిపిస్తుంది. హెల్మెట్ ఏదో చెబుతున్నాడు, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నా దగ్గర ఎప్పుడైనా అంతలా నవ్విందా? ఒళ్ళు మండిపోయింది. చేతికందిన సీసా కడిగి, శాంపిల్ పట్టి, పరుగులాంటి నడకతో వెళ్ళి వాళ్ళిద్దరి మధ్యా పెట్టాను.

పదిహేడు వచ్చింది.

సాయంత్రానికి ల్యాబంతా గుప్పుమంది. మా ల్యాబు పెద్దాయన భుజం తట్టి, ఆ అంకెను తన స్లైడుల్లో ఎక్కించేశారు. హెల్మెట్ వచ్చి చెయ్యి కలిపి, "వచ్చే వారమే మా యూనిట్లో ఈ పూసలు వేసి చూద్దాం," అన్నాడు. ఆమె మాత్రం రీడింగ్ కాగితాలు మళ్ళీ తిరగేస్తోంది.

గురువారం పొద్దున్నే నా గదికి వచ్చింది.

"గ్యాస్ వైపు రీడింగ్ చూశావా? ప్రొపిలీన్ ఎంత లోపలికి వెళ్తోందో, ఎంత మిగిలి వస్తోందో అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. గ్యాస్ ఖర్చవకుండా ఆల్కహాల్ ఎలా పెరిగింది?"

"నేను పైకొస్తే నీకు కష్టంగా ఉందా? ఆయనగారు అడిగి రమ్మన్నారా?"

ఆమె మొహం పాలిపోయింది. "ఎవరూ పంపలేదు. నాకూ రెండు కళ్ళున్నాయి," అని వెళ్ళిపోయింది.

ఆ మాట ఎందుకన్నానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత కూర్చుని బుధవారం చేసిన పనులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. గాజు సామాను ఆల్కహాల్‌తో కడిగి ఓవెన్‌లో ఆరబెట్టడం మా అలవాటు. ఆ రోజు కడిగాను. ఆరబెట్టలేదు. నేను తయారు చేయాల్సిన ఆల్కహాల్‌ను నేనే సీసా అడుగున ఉంచి, దాని మీద శాంపిల్ పట్టాను. పొడి సీసాలో మళ్ళీ పట్టి చూస్తే తొమ్మిదే.

నోరు మూసుకుంటే ఆదివారం దాకా నేను గొప్పవాణ్ణి. చెబితే హెల్మెట్ ముందు వెధవను. ఏది నయమో సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం మీటింగులో పెద్దాయన ఆమెతో సహా పదిహేను మంది ఎదుట నా అంకె చదవబోతుంటే లేచి నిలబడ్డాను.

"అది తప్పండీ. తొమ్మిదే. తడి సీసాలో పట్టాను."

పెద్దాయన కళ్ళజోడు తీశారు. "రెండేళ్ళుగా చేస్తున్నవాడివి. ఎందుకయ్యా అంత తొందర?"

"ఆ కారణానికీ కెమిస్ట్రీకీ సంబంధం లేదండీ."

అందరూ నవ్వారు. హెల్మెట్ నవ్వలేదు. "ఇప్పుడే చెప్పి మంచి పని చేశారు. లేకపోతే యూనిట్ ఆపి పూసలు మార్పించేవాణ్ణి," అన్నాడు. మనిషి మంచివాడు కూడానూ. అదే నా కడుపుమంట.

మీటింగు అయ్యాక ఎనాలిసిస్ గదికి వెళ్ళాను. బయట వాన మొదలైంది. ఆమె కిటికీ వేస్తోంది.

"నిన్నటి మాటకి క్షమించు. నాకు కుళ్ళు. ఆయన ఇక్కడికొస్తే కుళ్ళు, నువ్వు నవ్వితే కుళ్ళు. నువ్వంటే ఇష్టమని చెప్పడం చేతకాక మూడు నెలలుగా కుళ్ళుకుంటున్నాను."

"తెలుసు," అంది.

"తెలిస్తే ఎందుకు ఊరుకున్నావు?"

"సోమవారం నీకే ముందు చెప్పాను కదా. నువ్వేమో జీతాల గురించి మాట్లాడావు." కిటికీ గడియ పెట్టి నా వైపు తిరిగింది. "ఆ అంకె తప్పని నేనే పెద్దాయనకి చెప్పగలిగేదాన్ని. చెప్పలేదు. ఇవాళ నువ్వు నోరు మూసుకుని కూర్చునుంటే, ఆదివారం వాళ్ళకి సరే అనేదాన్ని."

ఆమె బల్ల దగ్గరికి జరిగాను.

"మరి ఇప్పుడు?"

"ఆయనకి సాయంత్రం నేనే చెప్పేస్తాను, ఆదివారం రావద్దని. నువ్వు మీ అమ్మగారిని తీసుకుని శనివారం రా."

"శనివారమంటే రేపే కదా."

"మరి ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?" అంది.