బ్రహ్మచారి సారు అడ్రసు

రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం పైన ఒక ఆఫీసు. దాని చివర సర్వర్ గది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతుంటాయి, పక్కనే అకౌంట్స్ సువార్త మేడం అంటించిన బైబిలు వాక్యం. దెయ్యానిది ఏ మతమో తేలలేదు కనుక రెండూ ఉంచారు.

ఆ దెయ్యం చేసే పని ఒక్కటే... తలుపు తట్టడం. గది తలుపు కాదు — సర్వర్ తలుపు!

సర్వర్ లోపల కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసుకునేది అదే. బయటి కంప్యూటర్ "రావచ్చా?" అంటే, "రా, ఉన్నావా?" అని ఒక కుర్చీ వేస్తుంది. "ఉన్నా" అని మూడో మాట వినపడితేనే లోపలికి పంపుతుంది. రాత్రిళ్లు ఇక్కడ ఆ మూడో మాట రాదు. మనుషులు లేకుండానే కుర్చీలన్నీ నిండిపోతాయి. నిజంగా వచ్చినవాళ్లు వాకిట్లోంచే వెనక్కి పోతారు.

తట్టేది ఎవరయ్యా అంటే — బ్రహ్మచారి సారు. ఈ ఆఫీసులోనే పనిచేసిన ఆయన చనిపోయి చాన్నాళ్లయింది. ఆయన కంప్యూటర్‌ను పాత సామాన్లవాడు ఎత్తుకుపోయాడు. తట్టుడు మాత్రం నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఇచ్చిన అడ్రసు నుంచే వస్తుంది...

దేవకృప ఆ ఆఫీసులో కొత్తగా చేరిన సీతాఫల్‌మండి పిల్ల. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. తెల్లారితే ఆ సర్వర్ మీద నడిచే సైటులో కాలేజీ అడ్మిషన్లు షురూ. "సర్వర్ పడ్డదో, నువ్వు సుత ఇంటికే" అన్నాడు మేనేజర్ హేమచంద్ర. అని, తోడుగా ఉంటానంటూ తన కేబిన్‌లో కూర్చున్నాడు. సర్వర్ గది గడప మాత్రం తొక్కలేదు, మహా ధైర్యశాలి!

రాత్రి ముదిరింది. తట్టుడు మొదలైంది.

సర్వర్ గదిలో ఆమె ముందున్న తెర నిండా అదే అడ్రసు... మళ్లీ అదే... మళ్లీ అదే. దేవకృపకు దెయ్యమంటే భయమే — ఉద్యోగం పోతుందన్న భయం ఇంకా పెద్దది. "ప్రభువా" అనుకుంటూ కంప్యూటర్లన్నిటినీ సర్వర్‌కు కలిపే స్విచ్ పెట్టెలోంచి ఆఫీసు కేబుళ్లు ఒక్కొక్కటే పీకసాగింది. చచ్చినవాడికి కేబుల్ అక్కర్లేదు కదా!

రిసెప్షన్‌ది పీకింది. తట్టుడు ఆగలేదు.

అకౌంట్స్‌ది పీకింది... ఆగలేదు.

మూలనున్నది పీకింది.

ఆగిపోయింది.

అది హేమచంద్ర కేబిన్ కేబుల్.

దాన్ని చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి పిలిచింది. "సార్... మీ కంప్యూటర్‌ల ఏం నడుస్తుంది?"

"ఏం లేదమ్మా..." హేమచంద్ర కేబిన్‌లోంచి తల బయటపెట్టాడు. "సర్వర్ బతికుందా లేదా అని రోజూ రాత్రి జెర మిస్డ్ కాల్ ఇస్తున్న, గంతే."

"బ్రహ్మచారి సారు అడ్రసుతోనా?"

"ఏమన్నా అయితే నా మీదికి వస్తది కద. ఆయన పోయిండు, ఆయనకేం తక్లీఫ్?"

ఆ ఆఫీసు ఆనవాయితీ అది. ఏసీ చెడినా, ఫైలు పోయినా, తప్పు బ్రహ్మచారి సారుదే. పాపం, బతికుండగా కూడా ఆయన అంత పని చేసి ఉండరు.

"మరి జవాబు సుత ఆయన అడ్రసుకే పోతది కద సార్! మీకెట్ల తెలుస్తది?"

"గదే పరేషాన్! ఒక్కసారి సుత జవాబు రాలే. అందుకే ఇంకింత ఎక్కువ కొట్టిస్తున్న."

దేవకృపకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. హేమచంద్రను గడప దాటించి తెర చూపించింది. కుర్చీలన్నీ ఖాళీ అవుతున్నాయి.

హేమచంద్ర ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఓనర్‌కు మెసేజ్ పెట్టు. బ్రహ్మచారి పాత సెట్టింగ్ తప్పని రాయి. లేకుంటే... కొత్త పిల్ల తప్పని నేను రాయాల్సి వస్తది."

దేవకృప కడుపు మండింది. అయినా ఉద్యోగం కావాలి. ఫోను తీసి, "బ్రహ్మచారి సారు..." అని కొట్టింది.

తెర మీద ఒక తట్టుడు.

ఒకే ఒక్కటి. అదే అడ్రసు. హేమచంద్ర కేబుల్ ఇంకా దేవకృప చేతిలోనే ఉంది...

కెర్నెల్ కుర్చీ వేసింది. "రా, ఉన్నావా?" అంది.

ఇద్దరూ తెర మీదికి వంగారు.

మూడో మాట వచ్చింది. "ఉన్నా."

హేమచంద్ర గోడకు అతుక్కుపోయాడు. "ఆ పేరు తీసెయ్ బిడ్డా..." అన్నాడు. "నేనే చేసిన అని రాయి. ఇంటిపేరుతో సహా రాయి!"

అడ్మిషన్లు సాఫీగా జరిగాయి, దేవకృప ఉద్యోగం పక్కా అయింది. నిమ్మకాయలు తీసేశారు. ఆ రాత్రి లోపలికి వచ్చిన ఆ కనెక్షన్‌ను తెంపే ధైర్యం మాత్రం ఇంతవరకు ఎవరూ చేయలేదట.