మొండిది జారిన రాత్రి

పాత క్వారీ వాలు సంగతి ఎత్తితే చాలు, మావాళ్లు గొంతు తగ్గిస్తారు. చీకటి పడ్డాక ఆ వాలు దిగితే బండి బరువెక్కుతుందట... వెనక సీట్లో ఎవరో వచ్చి కూర్చున్నట్టు. లారీవాళ్లు సైతం పొద్దుగూకితే చుట్టూ తిరిగి పోతారు. అద్దంలో చూడకూడదని ఒకరు, హారన్ కొట్టకూడదని ఇంకొకరు. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పేవాళ్లు మాత్రం వందమంది.

నేను చెప్పేది మా మేనమామ నోట విన్నది. ఆయన ఏనాడూ అబద్ధమాడలేదని నేను అనను. పాతికేళ్లు పాత బళ్లు అమ్మినవాడికి ఆ సర్టిఫికెట్టు ఎవరిస్తారు? కానీ ఈ ఒక్క కథ మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెప్పాడు.

ఆయన యార్డులో కొండదారులు తొక్కే జీపుల్లాంటి పెద్ద బళ్లే ఉండేవి, అన్నీ ఇంకొకళ్లు నలగ్గొట్టి వదిలేసినవే. వాటిని రెండు జాతులుగా విడగొట్టేవాడు — మొండివి, మెత్తవి. మొండిదాని స్టీరింగు తిప్పితే భుజాలు పీకుతాయి, గుంటలో పడితే దవడలు టకటకలాడతాయి. కానీ చక్రం కింద రాయుందో బురదుందో చేతికి చెబుతుంది, ఇరవయ్యేళ్లు వాడినా చావదు. మెత్తది పరుపు మీద పోయినట్టు పోతుంది, కింద ఏముందో మాత్రం చెప్పదు. ఎవరొచ్చినా మావయ్యది ఒకటే పాట: "నడపడానికి మెత్తది, మన్నడానికి మొండిది. ఆపైన మీ ఇష్టం."

ఒకరోజు ఆ పాట ఒక తల్లీకొడుకులకి పాడాడు. తల్లి బట్టలు కుట్టేది, అందరూ టైలరమ్మ అనేవాళ్లు. కొడుకు సర్వేయరు, కొండల్లో తిరిగి నేల కొలిచే పని. అతను మొండిదాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్ మీద వేసిన చెయ్యి తియ్యలేదు. ఆవిడ రెండు బళ్లలోనూ కూర్చుని చూసి, "ఇదెక్కితే నీ నడుం నాలుగు ముక్కలవుతుంది రా" అంది. కొడుకు నవ్వేసి మెత్తదే తీసుకున్నాడు.

కొండపనికి మొండిదే సరైనదని మావయ్యకి తెలుసు. అయినా పెదవి విప్పలేదు. ఎన్నాళ్లుగానో కదలని మెత్తది ఆ పూట కదులుతోంది మరి.

ఏడు నెలల తర్వాత, చినుకులు పడుతున్న ఒక రాత్రి, ఆ బండి క్వారీ వాలు మీద జారి కింద నీళ్ల గుంటలో పడింది. అతను దొరికేసరికి తెల్లారిపోయింది. వాలుకి చెడ్డపేరు వచ్చింది ఆ తర్వాతే.

రెండేళ్లకి టైలరమ్మ మళ్లీ యార్డుకి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆనాటి మొండిది ఇంకా ఉందా అని అడిగింది. ఉంది. ఎందుకో దాన్ని అమ్మబుద్ధి కాక మావయ్య తనే వాడుకుంటున్నాడు.

"దాన్ని ఆ వాలు మీద దింపి చూపించు తమ్ముడూ. చినుకులున్న రాత్రి..."

మావయ్య ఏవేవో సాకులు చెప్పబోయాడు. ఆవిడ వినలేదు.

"వాడికి మొండిదే కావాలి. మెత్తది కొనిపించింది నేను. ఇదైతే జారకుండా ఆగేదా, ఆగేది కాదా... ఆ ఒక్కటీ తెలియాలి నాకు."

మిషను మీద కూర్చున్న ప్రతిసారీ, సూది కింద బట్ట కాస్త జారితే చాలు, చేతులు ఆగిపోతున్నాయట. కుట్టుపని సగం మానేసిందట. ఆ మాట విన్నాక మావయ్య ఇక కాదనలేకపోయాడు. మూడు వారాలకి వాన పడింది. గొడుగు వేసుకుని ఆవిడే వచ్చింది.

వాలు పైన బండి ఆపాడు మావయ్య. కిందంతా చీకటి... గుంటలో చినుకుల చప్పుడు. నాలుగు చక్రాలూ నేలని పట్టుకునేలా గేరు వెయ్యాలి అక్కడ. వెయ్యకపోతే బండి కొంచెమైనా జారుతుంది, ఈవిడ మనసు కుదుటపడుతుంది అనుకున్నాడు. చెయ్యి గేరు మీదే ఆగిపోయింది. కానీ పక్కన ఓ మనిషి ప్రాణం... భయమేసింది. గేరు సరిగ్గానే వేశాడు.

దిగడం మొదలైంది. ఇంజను సన్నగా మూలుగుతోంది.

సగం వాలులో — వెనక బరువు మోసే కమానుకట్టలు కిర్రుమన్నాయి. బండి వెనకవైపు కుంగింది. మావయ్య అద్దం వైపు చూడలేదు.

"ఆగుతోంది కదా, తమ్ముడూ..." ఆవిడ గుసగుసగా అంది.

ఆగుతోంది. గోడకి బల్లి కరుచుకున్నట్టు దిగుతోంది బండి. ఆ మాట ఆవిడతో ఎలా అనడం? ఇంకో పది అడుగులు దిగితే ఆవిడకి మొత్తం తెలిసిపోతుంది, ఇక బతికినన్నాళ్లూ కొడుకుని తనే చంపుకున్నాననుకుంటుంది.

అప్పుడు... బండి పక్కకి కదిలింది.

నాలుగు చక్రాలూ నేలని పట్టుకునే ఉన్నాయి, స్టీరింగు ఆ మాట చేతికి చెబుతూనే ఉంది. అయినా బండి జరుగుతోంది. మెల్లగా... మంచం మీద పడుకున్నవాళ్లు లేవకుండా మంచం జరిపినట్టు. రెండు బారలు జరిగి, అంచుకి చాలా ఇవతలే ఆగిపోయింది.

పైకప్పు మీద చినుకులు తప్ప ఇంకో చప్పుడు లేదు.

"ఇదీ జారింది," అంది టైలరమ్మ. కాసేపాగి, "ఇది కొన్నా జారేదే," అంది.

తర్వాత ఏడ్చింది. రెండేళ్లుగా లోపల బిగబట్టుకున్నదంతా ఏడ్చింది. మావయ్య కూడా స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటుండగా వెనక కమానుకట్టలు మళ్లీ కిర్రుమని, బండి తేలిగ్గా పైకి లేచింది.

ఆ వానాకాలమంతా మావయ్య ఒక్కడే మొండిదాన్ని ఆ వాలు దింపాడు. జల్లులో ఒకసారి, కుండపోతలో ఒకసారి, టైర్లు మార్చి అరిగిపోయినవి వేసుకుని ఇంకోసారి. మొత్తం పదకొండుసార్లు. బెత్తెడు కూడా జారలేదు. ఆ సంగతి టైలరమ్మకి ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ మళ్లీ మిషను తొక్కుతోంది.

బురద ఏదైనా అడ్డం వచ్చిందేమో మావయ్యా అన్నాను నేను, తెలివైనవాణ్ణి కదా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ తల్లికి ఒక్క అబద్ధం చెబుదామని చూశాన్రా... నాకు ధైర్యం చాల్లేదు. వాడే వచ్చి చెప్పాడు."