బావి వాకిట్లో అద్దం

ఆ బావిలో కాలాన్ని వెనక్కి తిప్పకూడదని చెప్పుకునేవాళ్ళు.

బావి అంటే నీళ్ళ బావి కాదు. మా పీటర్స్‌బర్గ్‌లో నాలుగు పక్కలా అయిదంతస్తుల గోడలు లేచి, పైన ఆకాశం చేతి రుమాలంత మిగిలే ఇరుకు వాకిలిని బావి అంటాం. ఊళ్ళో అలాంటివి ఎక్కడ చూసినా ఉంటాయి. ఈ బావి మాత్రం ఊళ్ళో లేదు. ఒక వీడియో గేములో ఉంది.

ఆ గేము మీరు ఆడి ఉండరు. దాదాపు ఎవరూ ఆడలేదు. అది బజారుకొచ్చిన వారంలోనే ఇంకేదో పెద్ద గేము వచ్చి జనమంతా అటు పోయారు. కొన్నాళ్ళకి మెట్రో మెట్ల పక్క దుకాణాల్లో, సాక్సులూ బ్యాటరీలూ పోసిన తట్టల్లో దాని డిస్కులు కనబడేవి. పాపం, మంచి గేమే. తుపాకీ పట్టుకుని కాల్చుకుంటూ పోయే రకమే కానీ, ఇందులో వీరుడి ఎడమ చేతికి ఒక ఇనుప తొడుగుంటుంది. పిడికిలి బిగిస్తే కాలం ఆగుతుంది. ఇంకా బిగిస్తే వెనక్కి నడుస్తుంది. పేలిన తూటా తిరిగి తుపాకీలోకి దూరుతుంది. రాలిన మంచు పైకి లేస్తుంది. చచ్చినవాడు లేచి, దులుపుకోకుండానే, తన చోటికి పోయి నిలబడతాడు...

ఎటో పోతున్నాను. బావి సంగతి కదా.

ఆ వాకిలి చివర ఒక తలుపు. లోపల మెట్లు, ఉత్తరాల డబ్బాలు, వాటి పక్కన గోడకి నిలువుటద్దం. అద్దంలో ఏమీ కనబడదు — కనబడకూడదు కూడా. ఇలాంటి గేముల్లో వీరుడికి తుపాకీ పట్టుకున్న చేతులే తప్ప ఒళ్ళుండదు. ఒళ్ళు లేనివాడికి నీడేమిటి, ప్రతిబింబమేమిటి?

కానీ అక్కడ కాలాన్ని వెనక్కి తిప్పితే... అద్దంలో ఎవరో నిలబడి ఉండేవాడు.

గిరుక్కున వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు.

గేము ఇంకా బజారుకి రాకముందు, దాన్ని తయారుచేసే ఆఫీసులో తప్పులు వెతికే కుర్రాళ్ళలో ఒకడు, సైన్యంలో పారాచూట్ కట్టుకుని విమానాల్లోంచి దూకొచ్చినవాడు, చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాడు. "జీతం కోసుకోండి. ఆ మెట్ల దగ్గరికి నేను పోను," అన్నాడు.

వాళ్ళ భయానికి కారణం ఉంది. ఆ వాకిలి కట్టినవాడు గ్లెబ్. అతను పోయి ఏడాది కావస్తోంది.

మా ఊళ్ళో చలికాలం నడవడం ఒక విద్య. కాళ్ళ కింద గడ్డకట్టిన నేల చూసుకోవాలి, నెత్తి మీద చూరు చూసుకోవాలి. చూరుకి వేలాడే మంచు కత్తులు ఎప్పుడు తెగుతాయో చెప్పలేం. పలుగులు పట్టుకుని కప్పులెక్కి వాటిని రాలగొట్టే మనుషులుంటారు. వాళ్ళు పనిచేసే చోట కింద ఎర్ర తాడు కడతారు. ఆ సాయంత్రం గ్లెబ్ ఆఫీసు గుమ్మం దిగిన చోట తాడు లేదు.

ఈ కథ తైసియాది. అందరూ తాయా అనేవారు. ఆమె పనీ తప్పులు వెతకడమే. గ్లెబ్ పక్క కుర్చీ ఆమెది.

గ్లెబ్ ఎంత చలికైనా నెత్తిన టోపీ లేకుండా తిరిగేవాడు. "లోపల ఏమైనా ఉంటే కదా గడ్డకట్టడానికి," అని అందరూ ఏడిపించేవాళ్ళు. కొత్త సంవత్సరం కానుకగా తాయా అతనికో ఊలు టోపీ అల్లింది. ఆకుపచ్చది. ఎడమ చెవి మీద ఒక వరస వంకరపోయింది, విప్పి అల్లే ఓపిక లేక వదిలేసింది. డిసెంబరులో ఒక సాయంత్రం ఇస్తే, పెట్టుకుని మురిసి, అలవాటు లేనివాడు కదా, వెళ్ళేటప్పుడు బల్ల మీదే మరిచిపోయాడు. మెట్లు దిగి మళ్ళీ ఎక్కొచ్చాడు.

ఇక్కడ ఒక పట్టింపుంది. గడప దాటినవాడు మరిచిపోయిన వస్తువు కోసం వెనక్కి వస్తే, మళ్ళీ వెళ్ళే ముందు అద్దంలో మొహం చూసుకోవాలి. లేకపోతే దారి మంచిది కాదంటారు. నాకు భౌతికశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు కూడా గొడుగు కోసం వెనక్కి వస్తే, టై సర్దుకుంటున్నట్టు నటిస్తూ అద్దంలోకి ఓ చూపు విసిరేవాడు.

ఆ రోజు రంగులు వేస్తున్నారని వరండాలో అద్దం తీసేశారు.

"తాయా, నీ దగ్గర అద్దముందా?" అన్నాడు గ్లెబ్.

"నీ మొహం ఎలా ఉంటుందో నన్నడుగు, చెబుతాను. పోవయ్యా, బస్సు పోతుంది."

అందరూ నవ్వారు. గ్లెబ్ కూడా నవ్వి, టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

తాయా చేతిసంచిలో చిన్న అద్దం ఉంది. తీయలేదు. అది తీసి, అతను చూసుకుని, పళ్ళికిలించి తిరిగిచ్చేంత సేపు ఆగి ఉంటే... ఆ మంచు ఖాళీ నేల మీద పడేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తిరిగొచ్చింది. ఒకరోజు యజమాని అర్కాదీ పావ్లొవిచ్ ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"రేపు డిస్కు అచ్చుకి పోవాలి, అమ్మాయ్. ఆ అద్దం సంగతి ఇవాళ తేలకపోతే వాకిలి మొత్తం కోసేస్తాను."

"అర్కాదీ పావ్లొవిచ్, అది గ్లెబ్ కట్టింది. ఇంకేం మిగిలింది అతనిది?"

"అందుకే ఇన్నాళ్ళూ ఆగాను. మీలో సగం మంది దాన్ని చూసి శిలువ గుర్తు వేసుకుంటున్నారు. కొనేవాడికి ఏమని చెప్పను?"

బయట నాలుగు గంటలకే చీకటి పడిపోయింది, మా డిసెంబరు అంతే. తాయా గేము తెరిచింది. ప్రోగ్రాములు రాసే నజార్ పక్కన కుర్చీ లాక్కున్నాడు.

వాకిలి. పైన రుమాలంత ఆకాశం. మంచు రాలుతోంది. తలుపు. మెట్లు. ఉత్తరాల డబ్బాలు...

అద్దం నల్లగా ఉంది.

"తిప్పు," అని గొణిగాడు నజార్.

తిప్పింది. గుమ్మం బయట మంచు పైకి లేచింది. గేములో తన అడుగుల చప్పుడే తిరగేసి వినబడింది. తర్వాత కాలం మళ్ళీ ముందుకి కదిలింది —

అద్దంలో మనిషి. పొడుగు కోటు. టోపీ లేని తల.

"గ్లెబ్," అంది తాయా.

నజార్ తన కంప్యూటరు వైపు తిరిగి చాలాసేపు వెతికాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"దొంగ వెధవ. మన వీరుడికి ఒళ్ళు తగిలించాడు. మొహం తనదే పెట్టుకున్నాడు. అది ప్రతిబింబం, తాయా. వెనక్కి తిరిగితే ఎవరు కనబడతారు, నీ చేతులు తప్ప? కాకపోతే కాలం వెనక్కి తిప్పాకే కనబడేలా ఎందుకు కట్టాడో..."

తాయాకి తెలిసింది. "వెనక్కి వచ్చినవాడు అద్దం చూసుకోవాలి కదా," అంది నెమ్మదిగా. "మన వీరుడు గేమంతా వెనక్కి వస్తూనే ఉంటాడు. ఒక్కసారీ అద్దం చూడడు. గ్లెబ్‌కి మనసొప్పలేదు."

"చదువుకున్నవాడికి ఇవేం పట్టింపులు," అన్నాడు నజార్. మళ్ళీ నవ్వబోయి ఆగాడు. "ఎప్పుడో చేసి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు. నిరుడు అక్టోబరు తర్వాత ఈ బొమ్మని ఎవరూ ముట్టుకోలేదు."

అర్కాదీ పావ్లొవిచ్ వచ్చి విన్నాడు. అద్దాన్ని కాసేపు చూశాడు. "ఉంచండి," అని ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నజార్ టీ పెట్టడానికి లేచాడు. పారాచూట్ కుర్రాణ్ణి వంటగదిలో ఏడిపిస్తున్న గొంతులు వినబడుతున్నాయి.

తాయా ఒక్కతే మిగిలింది. వాకిలి నిలిచింది, దెయ్యం లేదు. అయినా ఏడాదిగా గుండెలో ఉన్నది అలాగే ఉంది. ఇంకొక్కసారి చూద్దామనుకుంది. పిడికిలి బిగించింది.

మంచు లేచింది... ఆగింది... రాలడం మొదలైంది.

అద్దంలో గ్లెబ్. ఈసారి తిన్నగా నిలబడలేదు. తల ఒక పక్కకి వంచి, మొహం పరీక్షగా చూసుకుంటున్నాడు, వెళ్ళే తొందర లేనివాడిలా. చెయ్యెత్తి నెత్తి మీద ఏదో సర్దుకున్నాడు. తర్వాత పళ్ళికిలించి, అద్దంలోంచి పక్కకి తప్పుకుని వెళ్ళిపోయాడు.

తాయా మౌసు మీంచి చెయ్యి తీయలేదు. నల్లబడ్డ అద్దం వంకే చూస్తూ ఉండిపోయింది.

అతను సర్దుకున్నది టోపీ. ఆకుపచ్చది. ఎడమ చెవి మీద ఒక వరస వంకర.

ఆ నిరుటి అక్టోబరులో టోపీ ఇంకా ఊలు ఉండలుగా తాయా సంచిలోనే ఉంది.