దొరసానికి తెలిసిన ఒకే ఒక్క మాట

ఆమె నన్ను మొదటిసారి గద్దించింది గుర్రం వెనక నుంచి.

నేనప్పుడు నడుం వంచి ఉన్నాను. గుర్రాలకు నాడాలు కొట్టేవాడి బతుకే అంత. లోకంలో జరగాల్సినవన్నీ వాడు వంగి ఉన్నప్పుడే జరిగిపోతాయి. దొరసాని అనే ఎర్ర గుర్రం ముందుకాలు నా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఉంది. బయట వాన. ఎవరో గుప్పెళ్ళతో గింజలు విసురుతున్నట్టు రేకుల మీద ఒకటే చప్పుడు. ఆ చప్పుడుకి దొరసాని చెవులు నిక్కబొడుస్తోంది. నేను డెక్క మీద ఆకురాయి ఆడిస్తూ, "బంగారం... కదలకు బంగారం... మంచిదానివి కదూ," అంటున్నాను.

"ఎవరండీ మీకు బంగారం?"

తల తిప్పి చూస్తే మోకాళ్ళదాకా బూట్లు, వాటి పైన తడిసిన జాకెట్టు, దాని పైన కోపం.

"గుర్రమండీ," అన్నాను.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆమె పని. ముఖం కందిపోయింది. కానీ వెనక్కి తగ్గే రకం కాదు.

"నేనూ గుర్రం తరఫునే అడిగాను."

"అయితే గుర్రం ఏమంటోంది?"

"ఇంకా ఆలోచిస్తోంది," అని తల తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఎవరని తర్వాత అడిగితే, అక్కడ స్వారీ నేర్పే కోచ్ మేడమ్ చెప్పింది. మందుల షాపులో పని చేస్తుందట. షాపు తెరిచేలోపు రోజూ పొద్దున్నే వచ్చి గుర్రమెక్కుతుందట. దొరసాని కోచ్ మేడమ్‌ది. పోటీల్లో దాని చేత కర్రల మీదుగా దూకించడం ఈమె వంతు. బహుమతుల కోసం కాదు, బతుకుతెరువూ కాదు. ఒకసారి కిందపడి భుజం ఎముక విరిగినా మానలేదట. దాన్నే ఇష్టం అంటారు కాబోలు.

దొరసాని సంగతి కూడా కొంచెం చెప్పాలి. నాకంటే ముందొచ్చిన ఇద్దరు నాడాలవాళ్ళను అది తన్ని తరిమింది. నేను ఏడాదిపాటు ఓపిక పట్టి దానికి ఒక్క మాట నేర్పాను. గొంతు తగ్గించి "బంగారం" అంటే నాలుగు కాళ్ళూ నేలకి మేకులు దిగేసినట్టు నిలబడాలి. నిలబడితే ఒక క్యారెట్ ముక్క. ఇంతకంటే పెద్ద చదువు నాకూ లేదు, దానికీ లేదు.

గుర్రానికి ఆరు వారాలకోసారి నాడాలు మార్చాలి. ఆ లెక్కన నేను వెళ్ళినప్పుడల్లా ఆమె ఏదో ఒక వంకతో అక్కడే ఉండేది. జీను తుడవడం, తుడిచిన జీనే మళ్ళీ తుడవడం.

"మీ మాట వింటుందండీ ఇది. నా మాట వినదు," అంది ఒకసారి.

"మీరేం చెప్తారు దానికి?"

"దూకమంటాను."

"పొద్దున్నే ఎవరైనా వచ్చి దూకమంటే నేనూ వినను."

"మిమ్మల్ని ఎవరూ అడగలేదు లెండి."

ఇలా సాగుతుండగా ఒకరోజు జీను తుడవకుండా గడ్డిమోపు మీద కూలబడి ఉంది. వరసగా రెండు పోటీల్లో దొరసాని జంప్ కర్రల ముందు మొరాయించిందట. ఒకసారి ఆగితే క్షమిస్తారు. రెండోసారి ఆగితే గంట కొట్టి బయటికి పంపేస్తారు. రెండు పోటీల్లోనూ గంట కొట్టారు.

"ఇక్కడ చక్కగా దూకుతుంది. అక్కడికెళ్ళగానే రాయైపోతుంది. కాళ్ళలో ఏమైనా నొప్పేమో చూస్తారా?"

నాలుగు డెక్కలూ పట్టకారుతో నొక్కి నొక్కి చూశాను. ఎక్కడా కిమ్మనలేదు.

"కాళ్ళు నిక్షేపంలా ఉన్నాయండీ."

"అయితే లోపం నాలోనే ఉందన్నమాట," అంది. "ఈ ఆదివారం కూడా గంట కొడితే దొరసానిని వేరే ఊరికి పంపేస్తానంది కోచ్ మేడమ్. అక్కడెవరో గట్టివాళ్ళు ఎక్కుతారట."

ఆదివారం పోటీలో ఊడిన నాడాలు బిగించే డ్యూటీ నాదే. పనిముట్ల పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. లోపల ఆమె, మిగతా పోటీదారులతో పాటు కాలినడకన మైదానమంతా తిరుగుతోంది. ఒక జంప్ నుంచి ఇంకో జంప్‌కి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకోవడం వాళ్ళ ఆచారం. మనిషివి నాలుగడుగులైతే గుర్రానిది ఒక అంగ. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఆమె నాన్న కూడా వచ్చాడు. బస్సు డ్రైవరు, ముప్పై ఏళ్ళు ట్రాఫిక్‌లో నలిగిన మనిషి. కూతురు గుర్రమెక్కితే మాత్రం చూడలేక, గుర్రాలను తెచ్చిన లారీ చాటుకు పోతాడు.

ఆమెకంటే ముందు ఇంకో ముగ్గురున్నారు. పక్కనే చిన్న మైదానంలో ఆమె గుర్రాన్ని దూకించి దాని ఒళ్ళు వేడెక్కిస్తోంది. నేను కంచెకి ఆనుకుని చూస్తున్నాను. దొరసాని దౌడు తీస్తూ జంప్ మీదికి వస్తోంది, నా పక్కనుంచే. అప్పుడు వినబడింది ఆమె గొంతు, భయంతో సన్నగా తగ్గి:

"బంగారం... బంగారం..."

దొరసాని నాలుగు కాళ్ళూ నేలలో దిగేసి నిలబడింది. ఆమె దాని మెడ మీదికి జారిపోయింది. గుర్రం బుద్ధిగా తల తిప్పి చూసింది, క్యారెట్ ఏదన్నట్టు.

ఆ రెండు పోటీల్లో ఏం జరిగిందో నాకప్పుడర్థమైంది.

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఊరుకుందామా అనిపించింది. చెబితే రెండు పోటీల పాపం నా నెత్తికే చుట్టుకుంటుంది. ఆమె మళ్ళీ నా ముఖం చూడదు. చెప్పకపోతే దొరసాని పోతుంది. కంచె దూకి పరిగెత్తాను.

"ఆ మాట ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఏ మాట?"

"బంగారం."

ఆమె కళ్ళెం చూసుకుంది. "మీ దగ్గరే. భయమేసినప్పుడు వస్తుంది నోటికి."

"అంటే నిలబడమని అర్థమండీ. ఏడాది పట్టింది నేర్పడానికి. అది మొరాయించడం లేదు. చెప్పిన మాట వింటోంది."

ఆమెకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. 

"రెండు పోటీలు," అంది. "రెండూ మీ వల్ల."

"అవును."

"అవునంటే సరిపోతుందా?"

"సరిపోదు. తర్వాత తీరిగ్గా తిట్టండి. ఇప్పుడు మాత్రం నోరు కట్టుకుని వెళ్ళండి."

"భయమేస్తే నా నోరు నా మాట వినదు."

"అయితే ఇంకేదైనా వాగండి. మీ షాపులో అరల్లో ఏముంటాయి? పైనుంచి కిందికి చెప్పుకుంటూ పోండి."

నాకేసి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఆమె పేరు పిలిచారు. వెళ్ళిపోయింది.

మొదటి జంప్ నాకు దూరం, వినబడలేదు. దాటింది. రెండోది దాటింది. మూడో జంప్ నా ముందే. దొరసాని వస్తుంటే, "సెట్రిజిన్, పారాసిటమాల్, పారాసిటమాల్ సిరప్..." అని స్పష్టంగా వినిపించింది. దొరసాని చెవులు ముందుకి పెట్టి, ఈ కొత్త మంత్రమేంటో తెలీక, ఎగిరింది.

పక్కనున్న పెద్దాయన నన్ను అడిగాడు, "ఆ అమ్మాయికి ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ. షాపు తెరిచింది."

నాలుగు, ఐదు, ఆరు. దగ్గుమందులు, కళ్ళలో వేసే చుక్కలు, దూది. చివరిది జంట జంప్; ఒకటి దూకి, ఒక్క అంగ వేసి, వెంటనే ఇంకోటి దూకాలి. "ఐబూ" అంటూ మొదటిది దాటింది. "ప్రొఫెన్" అనేలోపు వెనకకాలు తగిలి రెండోదాని పైకర్ర దొర్లి పడింది.

పడితే పడింది. నాలుగు పాయింట్లు పోయాయి, అంతే. గంట మాత్రం కొట్టలేదు. ఆమె గీత దాటింది.

తొమ్మిదో స్థానం. ఆమె గుర్రం మెడ పట్టుకుని ఏడుస్తుంటే కోచ్ మేడమ్ వచ్చి, "తొమ్మిదో స్థానానికి ఇంత ఏడుపైతే మొదటిదొస్తే వరదే," అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, "రేపు పొద్దున ఆరింటికి రా. దొరసాని కాళ్ళు బిగుసుకుని ఉంటాయి, నడిపించాలి," అంది.

అంటే గుర్రం ఎక్కడికీ పోదు. పోయిన ప్రాణం లేచొచ్చింది, మా ఇద్దరికీ. దొరసాని అయితే ఏమీ ఎరగనట్టు గడ్డి నములుతోంది.

గడ్డిమోపుల మీద కూర్చున్నాం. తిట్లు మొదలవుతాయని ఎదురుచూశాను. రాలేదు.

"ఇన్ని మాటలుండగా అదే ఎందుకు తీసుకున్నారు?" అన్నాను చివరికి.

ఆమె చేతి గ్లవ్ ఒక్కో వేలే విప్పుకుంటూ చెప్పింది. "మీరలా అంటుంటే కుదుటపడేది దొరసాని ఒక్కతే కాదు. అందుకని."

నాకు చెమట పట్టింది. కొలిమి దగ్గర కూడా అంత పట్టలేదెప్పుడూ.

"నేనూ ఒకటి చెప్పాలండీ. మొదట్లో గుర్రానికే చెప్పేవాణ్ణి. మీరొచ్చి పక్కన నిలబడటం మొదలుపెట్టాక, ఎవరికి చెప్తున్నానో నాకే తెలీకుండా పోయింది."

ఆమె ఏదో అనబోయింది. అంతలో లారీ చాటునుంచి వాళ్ళ నాన్న వచ్చాడు, రెండు చూపుడువేళ్ళూ ఇంకా చెవుల దగ్గరే పెట్టుకుని.

"అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా. పడలేదు. గంట కొట్టలేదు. దొరసాని మనతోనే ఉంటుంది."

ఆయన ముఖంలో ముడతలన్నీ ఒక్కసారిగా విప్పుకున్నాయి. ఆమె నావైపు తిరిగి, "నువ్వు కొంచెం జరుగు, నాన్న కూర్చుంటారు," అంది.

జరిగాను. కానీ ఆయన కూర్చోలేదు. నన్నొకసారి, కూతుర్నొకసారి చూశాడు.

"నాడాల అబ్బాయే కదూ. ఇంట్లో 'ఆయన ఇలా అన్నారు, ఆయన అలా అన్నారు' అంటుంటావు. ఆ 'ఆయన' కాస్తా 'నువ్వు' ఎప్పుడయ్యాడు?"

"ఇప్పుడే నాన్నా."

"నేను చెవులు మూసుకున్న ఆ రెండు నిమిషాల్లోనా?"

"కాదు, తెరిచాక."

ఆయన మెల్లగా నా పక్కన కూలబడ్డాడు. "నాకింకా కాళ్ళు వణుకుతున్నాయి బాబూ. ఓ చెయ్యివ్వు," అన్నాడు. ఇచ్చాను. పట్టుకుని ఆశ్చర్యంగా చూశాడు.

"నీ చెయ్యెందుకయ్యా నాకంటే ఎక్కువ వణుకుతోంది?"

ఆమె ఫక్కున నవ్వి ఆయనకి ఇంకో పక్కకి జరిగి కూర్చుంది. ఆయన నా చెయ్యి వదల్లేదు. "సర్లే, వణికేవాళ్ళం వణుకుదాం. కాళ్ళు కుదురుకున్నాక ముగ్గురం కలిసి ఇంటికి పోదాం," అన్నాడు.