ఆపకూడని డ్రయర్

మధ్యాహ్నం నుంచీ వాన ఒకే తీరుగా పడుతోంది. మూడు గంటలకే ఇళ్ళల్లో లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. మేస్త్రీ తన పాత స్కూటరు గోడవారగా నిలిపి, పనిముట్ల సంచి నెత్తిన పెట్టుకుని ఆ ఇంటి గుమ్మంలోకి ఉరికాడు. ఇరవై ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి బట్టలుతికే మిషన్లు, డ్రయర్లు బాగుచేస్తున్న మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ చెవులు మాత్రం ఇంకా పదునే. మోత వింటే చాలు, లోపల ఏం పోయిందో సగం చెప్పేస్తాడు.

ఆ ఇంట్లో మోత గుమ్మం దగ్గరికే వినబడుతోంది. కీచుమంటుంది, టక్కుమని ఆగినట్టై మళ్ళీ కీచుమంటుంది.

"బెల్టు తెగడానికి సిద్ధంగా ఉంది. డ్రమ్ము కింద చక్రాలూ పోయినట్టే," అనుకున్నాడు.

తలుపు తీసినావిడకి అరవై దాటి ఉంటాయి. నిటారుగా నిలబడి, ఎదుటి మనిషిని చులకనగా చూసే రకం. ఆవిడ వెనకే ఇంకొకావిడ, చెల్లెలు. నిద్ర లేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారే గానీ ఇద్దరికీ మాటల్లేవని మేస్త్రీకి రెండు నిమిషాల్లోనే తెలిసింది.

"ఆ డ్రయర్ని మీరు ఆపి, తీసుకెళ్ళి ఎక్కడైనా పారేస్తారని ఆవిడకి చెప్పండి," అంది పెద్దావిడ. ఆవిడ అంటున్న 'ఆవిడ' రెండడుగుల దూరంలోనే ఉంది.

"పిలిచింది నేను. బాగుచేయడానికి పిలిచాను, పారేయడానికి కాదని ఆవిడకి చెప్పండి," అంది చిన్నావిడ.

మేస్త్రీ నవ్వాడు. "అమ్మా, నేను మిషన్లకే మేస్త్రీని. మనుషుల మధ్య తెగిన వైర్లు కలపడం నాకు రాదు."

ఎవరూ నవ్వలేదు.

డ్రయర్ ఉన్నది వంటింటి వెనక చిన్న గది. కిటికీ లేదు. ఒక్కటే బల్బు. పక్కనే పెరటి తలుపు, దానికి రెండు గొళ్ళేలు, ఒక అడ్డగడియ. గదిలో కాలిన రబ్బరు వాసన, మాడిన బట్టల నూగు వాసన. వాటి అడుగున ఇంకేదో... తడిసిన ఉన్ని వాసన.

మేస్త్రీ వంగి గుండ్రటి అద్దంలోంచి చూశాడు. డ్రమ్ము తిరుగుతోంది. లోపల ఒక్క గుడ్డ ముక్క లేదు.

"ఖాళీగా తిప్పుతున్నారేంటమ్మా?"

"అలా తిరుగుతూ ఉండాలి," అంది చిన్నావిడ.

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళుగా. గంటకోసారి ఆగిపోతుంది. మళ్ళీ మీట తిప్పుతాను. రాత్రిళ్ళు అలారం పెట్టుకుంటాను." తర్వాత గొంతు తగ్గించింది. "ఆపకుండా బాగుచేయగలరా?"

"తిరిగే డ్రమ్ములో చెయ్యి పెడితే నన్నే బాగుచేయాల్సి వస్తుందమ్మా. కొని ఎన్నాళ్ళైంది?"

"మూడేళ్ళు."

మేస్త్రీ నమ్మలేకపోయాడు. ఆ అరుగుదల చూస్తే పాతికేళ్ళు రాత్రింబవళ్ళు నడిచిన మిషను అనుకుంటారు ఎవరైనా. అతను మీట తిప్పేసి ప్లగ్గు పీకాడు. డ్రమ్ము అర చుట్టు తిరిగి నిలిచిపోయింది.

ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది. వాన చప్పుడొక్కటే.

చిన్నావిడ గబగబా వెళ్ళి పెరటి తలుపు గొళ్ళేలు తడిమి చూసుకుని వచ్చింది. "ఎంతసేపు పడుతుంది?"

"అరగంట."

"అరగంటా..." అంటూ గోడకి ఆనుకుంది.

ముందు నూగు పట్టే జల్లెడ బయటికి లాగాడు. ఏ ఇంట్లో చూసినా అందులో బూడిదరంగు నూగే ఉంటుంది, అందరి బట్టల రంగులూ కలిసిపోయి. ఇక్కడ మాత్రం ఎర్రటి ఉన్ని నూగు అంగుళం మందాన పేరుకుంది. చేత్తో తీస్తే తడిగా, చల్లగా ఉంది. అంతసేపు వేడిగాలి తగిలిన చోట చల్లగా ఎలా ఉంటుంది?

"ఇంట్లో ఎర్ర స్వెట్టర్ ఎవరిదమ్మా?"

అక్కాచెల్లెళ్ళు అప్పుడు మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మేస్త్రీ మిషన్ని ముందుకి జరిపి, వెనక గొట్టం విప్పాడు. మిషన్లోని వేడిగాలి ఆ గొట్టంలోంచి గోడ రంధ్రం గుండా బయటికి పోవాలి. విప్పగానే నీళ్ళు కారాయి. గొట్టంలో చెమ్మ పట్టడం మామూలే. కానీ ఇవి గ్లాసుడు నీళ్ళు, మంచులా ఉన్నాయి. గోడ రంధ్రంలో ఎర్ర దారం ఒకటి వేలాడుతోంది. పక్షి గూడు కట్టి ఉంటుందనుకుని దారం పట్టుకుని లాగాడు. బారెడు వచ్చింది. ఇంకో బారెడు వచ్చింది. నేల మీద కుప్ప పడుతోంది.

అప్పుడు అవతలి నుంచి ఎవరో లాగారు.

దారం చేతిలోంచి సర్రున జారింది. వేలు కోసుకుపోయింది. నేల మీది కుప్పంతా పాములా గోడలోకి పాకి మాయమైంది.

మేస్త్రీ తెగిన వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. తర్వాత పిల్లులో ఎలకలో అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పని మొదలుపెట్టాక కారణం తెలియకుండా వదిలేయడం అతని ఒంట్లో లేదు. "బయట గొట్టం మూత చూడాలి," అన్నాడు.

"ఆ తలుపు తీయకండి," చిన్నావిడ గుసగుసలాడింది. "మీ కాళ్ళు పట్టుకుంటాను."

"చచ్చినదానికి భయపడి బతికినన్నాళ్ళూ తలుపులు బిగించుకుంటామా?" అని పెద్దావిడ గొడుగు తీసుకుంది. గొళ్ళేలు తనే తీసింది.

పెరటి సందు సన్నగా ఉంది. ఇంటి పక్కగా సాగి వీధి వైపు తిరుగుతుంది. గోడలో నడుమెత్తున గొట్టం మూత, దానికి మూడు రెక్కలు. వానకి గోడంతా నల్లగా నానిపోయింది. మూత కింద ఒక్కచోట మాత్రం తడి లేదు. తెల్లగా, పొడిగా... తల, భుజాలు, వీపు. ఎవరో గోడకి ఆనుకుని కూర్చుంటే వాళ్ళ వెనక వాన తగలని చోటు ఎలా ఉంటుందో అలా.

అక్కడ ఎవరూ లేరు.

మేస్త్రీ అరచెయ్యి మూతకి అడ్డం పెట్టాడు. మిషను ఆగి ఉంది, గొట్టం విప్పి ఉంది. గాలే ఉండకూడదు. కానీ రెక్కలు లోపలికి వాలాయి. చల్లగా, మెల్లగా ఆ మూత చేతిని పీల్చుకుంది... వదిలింది... మళ్ళీ పీల్చుకుంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అమ్మా, ఏంటిది? ఇక్కడ ఏం జరిగింది?"

"మాకు మధ్యలో ఒకతి ఉండేది. నడిపిది," అంది పెద్దావిడ, గొంతులో వణుకు లేకుండా. "అమ్మ మంచాన పడి మూడు నెలలు దాన్నే కలవరించింది. రాలేదు. అమ్మ పోయాక వచ్చింది, ఎర్ర స్వెట్టర్ వేసుకుని, ఇలాంటి వానలోనే. రానివ్వలేదు. తలుపు కొట్టి కొట్టి, ఈ మూత దగ్గర చతికిలబడింది. లోపల డ్రయర్ నడుస్తోంది కదా, వెచ్చటి గాలి వస్తుందని." ఆగి, ఇంటి వైపు గడ్డం ఎత్తింది. "అది అక్కడ కూర్చుందని తెలిసి కూడా డ్రయర్ ఆపేసిందెవరో ఆ మహాతల్లినే అడగండి."

తలుపు సందులోంచి చిన్నావిడ గొంతు వచ్చింది. "ఆపమన్నదెవరో అడగండి! తీయబోతే గొళ్ళెం మీద చెయ్యేసి నిలబడ్డదెవరో అడగండి! పొద్దున్నకి కొయ్యబారిపోయింది నడిపక్క... కూర్చున్నది కూర్చున్నట్టే..."

"నోరు ముయ్యి!"

రెండేళ్ళ తర్వాత అక్క చెల్లెలితో నేరుగా అన్న మాట అదే. దానికి జవాబుగా గొళ్ళెం పడిన చప్పుడు వినబడింది. ఒకటి. రెండు. తర్వాత అడ్డగడియ.

"ఏమే! తియ్యవే తలుపు!"

"మేస్త్రీ గారూ," చిన్నావిడ గొంతు ఇప్పుడు నెమ్మదిగా ఉంది. "మీరొక్కరే ముందు గుమ్మం వైపు రండి. ఆవిడని అక్కడే ఉండనివ్వండి. ఆ చోట ఇంకొకరు కూర్చుంటే అది లేస్తుంది. ఇక డ్రయర్ ఆగినా తలుపు కొట్టదు. నేను నిద్రపోతాను... ఒక్క రాత్రి నిద్రపోతాను..."

పెద్దావిడ తిట్టబోయింది. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. చేతిలో గొడుగు జారిపోయింది. వీపు గోడకి ఆనింది. మోకాళ్ళు మడతపడుతున్నాయి. తనంతట తను కూర్చుంటున్నట్టు లేదు. భుజాలు పట్టి ఎవరో మెల్లగా కూర్చోబెడుతున్నట్టుంది.

మేస్త్రీ ఆవిడ చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. కదల్లేదు. గోడలో పాతినట్టుంది మనిషి. ఒళ్ళు ఐసుగడ్డలా ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నడపమనండి..." అంది ఆ నిటారు మనిషి. "డ్రయర్ని... నడపమనండి..."

మేస్త్రీ సందులో జారుతూ పరిగెత్తాడు. ముందు గుమ్మం ఓరగా తెరుచుకుని, అతను దూరగానే మూసుకుంది. నేరుగా డ్రయర్ గదిలోకి వెళ్ళి గొట్టాన్ని గోడ రంధ్రంలో కుక్కాడు. ప్లగ్గు అందుకోబోతే చిన్నావిడ దాన్ని రెండు చేతులతో గుండెకి అదుముకుంది.

"ఇటివ్వండమ్మా. మనిషి చచ్చిపోతుంది!"

"ఆ రోజు నేనూ అదే అన్నాను. ఆవిడ విందా?"

బలవంతంగా లాక్కున్నాడు. ఆవిడ గోళ్ళకి అతని ముంజేతి మీద చారలు పడ్డాయి. ప్లగ్గు పెట్టాడు. మీట తిప్పాడు. డ్రమ్ము కీచుమంది... ఒక చుట్టు తిరిగింది... ఇంకో చుట్టు...

ఫట్.

బెల్టు తెగింది. మోటారు ఉత్తినే గుయ్యిమంటోంది. డ్రమ్ము కదల్లేదు. మాడు వాసన గది నిండా కమ్ముకుంది. వైరు అంటుకుంటుందేమోనని మేస్త్రీయే ప్లగ్గు పీకేశాడు.

నిశ్శబ్దం.

పెరటి తలుపు మీద ఎవరో తట్టారు. గట్టిగా కాదు. వేలి కణుపులతో, మర్యాదగా, మూడుసార్లు.

"మేస్త్రీ గారూ, తలుపు తియ్యండి." పెద్దావిడ గొంతే. వణుకు లేదు.

"తియ్యొద్దు," అంది చిన్నావిడ పెదాలతోనే.

కానీ బతికున్న మనిషిని వానలో ఎలా వదిలేస్తాడు? అడ్డగడియ ఎత్తాడు. ఒక గొళ్ళెం. రెండో గొళ్ళెం.

పెద్దావిడ లోపలికి వచ్చింది. పది నిమిషాలు కుండపోత వానలో ఉన్న మనిషి... జుట్టు పొడిగా ఉంది. చీర పొడిగా ఉంది. పక్కనించి వెళుతుంటే వెచ్చగా తగిలింది, అప్పుడే డ్రయర్లోంచి తీసిన బట్టలా. మేస్త్రీని చూడనేలేదు. తిన్నగా చెల్లెలి దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుంది.

"ఏమే పిచ్చుకా, నిద్రపోలేదటే?"

చిన్నావిడ వెనక్కి జరిగింది. మేస్త్రీ చొక్కా అంచు పట్టుకుంది. "పెద్దక్క నన్నెప్పుడూ అలా పిలవలేదు," అంది, ఊపిరి తీసుకున్నంత చిన్నగా. "ఆ పేరు... నడిపక్క పెట్టింది. వెళ్ళకండి. మేస్త్రీ గారూ, వెళ్ళకండి."

"ఆయన పని అయిపోయిందిగా," అందావిడ నవ్వుతూ. చొక్కా అంచు మీద నుంచి చెల్లెలి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. "వెళ్ళనీ."

మేస్త్రీ వెళ్ళిపోయాడు. ఆ మాట తర్వాత ఎవరితోనైనా చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు అతనికి తల ఎత్తడం చేతకాలేదు. సంచి కూడా అక్కడే వదిలేశాడు. స్కూటరు రెండు వీధులు దాటాక గానీ లైటు వెయ్యలేదన్న సంగతి తెలియలేదు.

రాత్రంతా కూర్చునే ఉన్నాడు. ఎన్నిసార్లు భార్య అడిగినా జ్వరం అనే చెప్పాడు. పొద్దున్న ఉండబట్టలేక ఆ ఇంటికి ఫోన్ చేశాడు. మొదటి రింగుకే తీశారు.

"మేస్త్రీ గారా?" పెద్దావిడ గొంతు, హాయిగా, తీరుబడిగా. "మీరిక రానక్కర్లేదండీ. ఇల్లంతా వెచ్చగా ఉంది."

"చిన్నమ్మగారు... ఒకసారి ఆవిడకి ఇస్తారా?"

"ఇక్కడ లేదు."

అప్పుడు వినబడింది, ఆవిడ గొంతు వెనక. చెక్క మీద అరచేతుల దెబ్బలు. ఒకటి గట్టిగా, ఆగి ఆగి. ఇంకొకటి బలహీనంగా, త్వరత్వరగా. రెండింటికీ లయ కలవడం లేదు. ఒక్క మనిషి కొట్టే దెబ్బలు కావవి.

"ఎవరో తలుపు కొడుతున్నారమ్మా," అన్నాడు మేస్త్రీ.

అవతల ఆవిడ కాసేపు చెవొగ్గి విన్నట్టుంది.

"ఎవరూ లేరండీ," అంది. "వాన."

మేస్త్రీ కిటికీలోంచి చూశాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. వీధంతా కళ్ళు చెదిరే ఎండ.