వడియాల ఎండ

శనివారం ఉదయం మీనాక్షి వంటింటి గాజు తలుపు ముందు తెల్లగుడ్డ పరిచి మినప వడియాలు పెడుతోంది. బయట అమెరికాలోని ఈ నోవై ఊరంతా మోకాలి లోతు మంచు. ఇక్కడ వడియాలు చలికాలంలోనే పెట్టాలన్నది ఆవిడ సిద్ధాంతం. వేసవిలో బయట చెక్క డెక్ మీద పెడితే ఉడతలు ఒక్కటి మిగల్చవు. చలికాలంలో, మబ్బు పట్టని రోజున, ఆ తలుపులోంచి వంటింటి నేల మీద చాపంత ఎండ పడుతుంది.

టేబుల్ దగ్గర మృదుల లాప్‌టాప్ ముందు కూర్చుని విసుక్కుంటోంది. ఇంకా కట్టని ఇళ్లకి ఫోటోల్లాంటి బొమ్మలు చేసివ్వడం ఆమె ఉద్యోగం. ఈసారి ఇల్లు సొంత అమ్మానాన్నలదే. మోకాళ్లు అరిగి అమ్మ మేడమెట్లు ఎక్కలేకపోతోందని, వంటింటి వెనక కొత్తగా పడగ్గది కట్టించాలని నిరుటి దసరా నుంచి పట్టుబట్టింది. ప్లాన్ తనే గీసింది. పదకొండింటికి కాంట్రాక్టర్ సంతకాలకి వస్తాడు.

"ఏమ్మా, ఇంజన్ ట్రబులా?" అంటూ అచ్యుతరావు కాఫీ కప్పుతో వచ్చాడు. కార్ల కంపెనీలో ఇంజన్ల మధ్యే పని చేసి రిటైరైన మనిషాయన. బొమ్మకి వెలుగునీడలు వేసే ప్రోగ్రామ్‌ని కూడా ఇంజనే అంటారని తెలిసినప్పటి నుంచి కూతుర్ని ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

"రెండు ఇంజన్లు కంపేర్ చేస్తున్నా నాన్నా. ఒకటి ట్వెంటీ మినిట్స్‌లో ఇచ్చేసింది. రెండోదానికి రాత్రంతా పట్టింది. అయినా చూడు, ఎంత డార్కో!"

తెర మీద పక్కపక్కనే రెండు బొమ్మలు. రెండింటిలోనూ ఇదే వంటిల్లు, గాజు తలుపు స్థానంలో కొత్త గది గుమ్మం. మొదటిది పెళ్లివారిల్లులా వెలిగిపోతోంది. రెండోది ఈసురోమంటోంది.

"ఇంకా ఆలోచనెందుకు? స్పీడుగా పోయిందే మంచి బండి," అని తీర్పు చెప్పేశాడాయన.

మీనాక్షి పిండి చేత్తోనే లేచి, కుంటుకుంటూ వచ్చి చూసింది. "ఆ మొదటి దాంట్లో అంత వెలుతురు ఎక్కడిదే?"

"నేనే పెట్టానమ్మా. కనపడకుండా నాలుగు లైట్స్ దాచా. మా ఫీల్డ్‌లో అందరూ చేసేదే."

"మరి రెండో దాంట్లో?"

"అందులో లైట్స్ దాచలేదు. నోవై, ఫిబ్రవరి, టెన్ థర్టీ అని ఇస్తే సూర్యుణ్ని బట్టి అదే లెక్కేసుకుంటుంది. సెట్టింగ్ ఏదో తప్పుపోయినట్టుంది."

"తప్పేం లేదు. అదే నిజం," అని మీనాక్షి మొహం తిప్పుకుంది.

అచ్యుతరావుకి చిర్రెత్తింది. "నాలుగు నెలలు నోరు మెదపకుండా ఊరుకుని, ఇప్పుడా చెప్పడం? పిల్ల నీ కోసం అంత కష్టపడుతుంటే నీకు వడియాలు ముఖ్యమా? ఇండియన్ స్టోర్‌లో దొరకవూ?"

"వడియాల కోసం కాదండీ! మీరు పొద్దున్నే డ్యూటీకి పోయేవారు. నాకు డ్రైవింగ్ రాదు. పలకరించే మనిషి లేదు. వారానికి ఒకటి రెండు రోజులు ఈ ఎండే వచ్చేది, చుట్టం వచ్చినట్టు. పసిపిల్లప్పుడు మృదులని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసింది ఇక్కడే. ఆ ఎండకి అడ్డంగా గోడ కడతానంటోంది నా కూతురు, అదీ నా మీద ప్రేమతో. వద్దని ఏ నోటితో చెప్పను?"

మృదులకి కళ్లలో నీళ్లు తిరిగాయి. రాత్రంతా కూర్చుని ఆ నిదానపు ఇంజన్ చెప్పింది ఇదే. తను దాన్ని బాగుచేయాలని చూసింది. లేచి వెళ్లి తల్లిని గట్టిగా పట్టుకుంది. "సారీ అమ్మా. నీ మోకాళ్ల గురించే ఆలోచించాను. నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

అచ్యుతరావు కప్పు పక్కన పెట్టాడు. వెళ్లి, హాలు పక్కనున్న తన ఆఫీసు గది తలుపు తీసి నిలబడ్డాడు. పాత డ్రాయింగులు, కార్ల బొమ్మలు, ఆయన తప్ప ఎవరూ ముట్టుకోని టేబుల్ ఉన్న గది అది.

"ఇక్కడ మంచం పడుతుందా, అమ్మలూ?"

"ఇది నీ రూమ్ కదా నాన్నా!"

"నా మోకాళ్లు బాగానే ఉన్నాయిగా. నా ఆఫీసు మేడ మీదికి మార్చుకుంటాను."

మీనాక్షి ఏడుస్తూనే నవ్వేసింది. "ఇంజనీరు గారికి ఈ ముక్క తట్టడానికి నాలుగు నెలలు పట్టిందా?"

"నాదీ నిదానపు ఇంజనేలే," అన్నాడాయన.

పదకొండింటికి వచ్చిన కాంట్రాక్టర్ కొత్త గది ప్లాన్ చుట్టి పెట్టుకుని, ఆఫీసు గది కొలతలు రాసుకున్నాడు.

మరుసటి శనివారం పదిన్నరకి మృదుల లాప్‌టాప్ తెచ్చి నేల మీదే, ఎండ పక్కన పెట్టింది. బొమ్మలో అదే గాజు తలుపు, అదే తెల్లగుడ్డ, దాని మీద వరసగా వడియాలు. మీనాక్షి బొమ్మనీ నేలనీ మార్చి మార్చి చూసింది. అక్కడా ఇక్కడా ఎండ ఒకే నేలపలక మీద ఆగింది.

"ఇందులో ఎన్ని దీపాలు దాచావే?"

"ఒక్కటీ లేదమ్మా."

మీనాక్షి గుడ్డ కాస్త పక్కకి జరిపి, ఎండలో చోటు చేసింది. "జుట్టు పీచులా అయిపోయింది. వచ్చి కూర్చో, నూనె రాస్తాను."

ముప్పై మూడేళ్ల మృదుల వచ్చి అమ్మ ముందు ఆ ఎండలో కూర్చుంది.