అద్దాల గౌనుకి వెనక కుట్లు

శవం నిలువుటద్దం ముందు పడి ఉంది.

ఒంటి మీద అద్దాల గౌను. మెడ నుంచి మోకాళ్ల దాకా గోరంత అద్దపు బిళ్లలే. కిటికీలోంచి పొద్దుటి ఎండ వాటి మీద పడుతుంటే గోడల నిండా వెలుతురు చుక్కలు. ఎస్సై చొక్కా మీద కూడా నాలుగు.

ముఖానికి నిండా మేకప్. మూలన టేప్‌రికార్డర్. మంచం పక్క బల్ల మీద సగం నీళ్లున్న గ్లాసు, దాని పక్కన నిద్రమాత్రల షీటు. గూళ్లన్నీ ఖాళీ.

వీధి తలుపుది లాగితే దానంతట అదే పడే తాళం. పొద్దున పనిమనిషి తన దగ్గరున్న తాళంచెవితో తీసి, లోపల చూసి, మెట్ల మీదే కూలబడింది.

ఎస్సై గదంతా ఒకసారి తిరిగి తేల్చేశాడు. ఆత్మహత్య. అరవై దాటిన వయసు, ఒంటరి బతుకు, ఏనాడో పోయిన పేరు. ఆఖరిసారి పాత గౌను తొడుక్కుని మాత్రలు మింగేసింది, ఇందులో చూడ్డానికేముంది సార్ అన్నాడు.

సి.ఐ. వంగి ఖాళీ షీటుని మళ్లీ చూశాడు. స్టేషన్లో ఆయన్ని వెనకాల అందరూ జిడ్డు అంటారు. పట్టుకుంటే వదలడు, వదిలినా మరక వదలదు అని దానికి అర్థం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పైగా కొంచెం గర్వం కూడా.

చనిపోయినావిడని జనం డిస్కో అనే పిలిచారు. పదహారేళ్లకి హోటల్ డాన్స్‌ఫ్లోర్ మీద మైకు పట్టుకుంది. ఇరవై నిండకుండానే ఒక పాట పాడింది. ఆ ఏడాది ఆ పాట మోగని బస్సు లేదు, మంగలిషాపు లేదు. పిల్లలు పాడితే పెద్దలు తిట్టారు. తిట్టిన పెద్దలే స్నానాల గదిలో పాడుకున్నారు. సినిమావాళ్లు పిలిచారు. ఎన్ని సినిమాల్లో వేసినా ఒకటే వేషం. విలన్ క్లబ్బులో ఒక పాట, ఇంటర్వెల్ లోపు ఒక తూటా. నా సినిమాల్లో రెండో సగం ఏమవుతుందో నాకే తెలియదు, అప్పటికే చచ్చిపోయి ఉంటానుగా అని ఇంటర్వ్యూల్లో నవ్వేది.

తర్వాత డిస్కో పాతబడింది. ఆవిడా పాతబడింది. మధ్యలో ఒక పెళ్లి వచ్చి పోయింది, కూతురు మిగిలింది. సబ్బు ప్రకటనలకి పాడింది. చిన్నపిల్లల పాటల పోటీల్లో జడ్జిగా కూర్చుంది. గుండెకి స్టెంట్ వేశారు. ఇన్నేళ్లకి మళ్లీ ఒక్క షో కుదిరింది. అది నాలుగు రోజులుందనగా ఇలా అద్దం ముందు పడి ఉంది.

కూతురు వచ్చింది. ఆడపిల్లల స్కూల్లో లెక్కల టీచరు. చీర కొంగుకి సుద్దపొడి ఇంకా అంటుకునే ఉంది. తల్లిని చూసింది. బల్ల మీద షీటు చూసింది. ఏడవలేదు.

"నేనే చంపాను సార్," అంది.

ఎస్సై నోరు తెరిచాడు. సి.ఐ. చెయ్యెత్తి ఆయన్ని ఆపి, ఆ అమ్మాయిని పక్కగదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. మెల్లగా రాబడితే సంగతి తేలింది. ముందురోజు మధ్యాహ్నం తల్లీకూతుళ్లు ఫోన్లో పోట్లాడుకున్నారు. ఈ వయసులో ఆ అద్దాలేసుకుని ఎగిరితే స్కూల్లో నేను తలెత్తుకోలేను, నువ్వు స్టేజీ ఎక్కావంటే నేనిక నీ గడప తొక్కను అని కూతురు అంది. తల్లి బదులు చెప్పకుండా ఫోన్ పెట్టేసింది. అదే ఆఖరు.

ఇంతలో పిన్ని వచ్చింది. అంటే డిస్కోకి సొంత చెల్లెలు. డిస్కో వేసుకున్న ప్రతి గౌనూ ఆమె కుట్టిందే. అక్క స్టేజీ దిగాక కూడా అదే చేత్తో టైలర్ షాపు పెట్టుకుని బతుకుతోంది. వస్తూనే అక్క కూతుర్ని గుండెకి హత్తుకుంది.

సి.ఐ. అడగడం మొదలుపెట్టాడు.

"అక్కని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"వారమైంది. జ్వరంగా ఉండి రాలేదు."

"నిన్న?"

"ఫోన్ చేసింది. సాయంత్రం."

"ఏమంది?"

పిన్ని అక్క కూతురి వైపు చూసి తల దించుకుంది. "నా కూతురే నన్ను చీదరించుకుంది, ఇంక నేనెందుకు బతకాలి అని ఏడ్చింది సార్. ఇంత పని చేస్తుందనుకోలేదు."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. టీచరమ్మ ముఖం పాలిపోయింది. సి.ఐ. ఆ ముఖం చూశాడు. తన ఇంట్లోనూ ఒక కూతురుంది, ఆమెతోనూ ఆయనకి రోజూ యుద్ధమే.

షో ఆర్గనైజర్ని కూడా పిలిపించారు. అతగాడికి చావు కన్నా షో ఏమవుతుందన్న బెంగే ఎక్కువ. శవాల మీద పేలాలు ఏరుకునే రకం. ఇదే షోని సంస్మరణ సభగా మారిస్తే ఎలా ఉంటుందని అప్పుడే నలుగురికి ఫోన్ చేశాడని తెలిసి ఎస్సై చెవులు నిక్కబొడుచుకున్నాడు. ఆత్మహత్య అన్న నోటితోనే హత్య అన్నాడు. తీరా చూస్తే ఆ మనిషి ముందురోజు పొద్దున్నుంచీ వేరే ఊళ్లో స్పీకర్లు బేరమాడుతున్నాడు. సాక్షులు బస్సెడుమంది.

పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చింది. గుండె ఆగి చనిపోయింది. మాత్రల వల్లా కాదా అన్నది ల్యాబ్ చెప్పాలి. ల్యాబ్ వాళ్లు నెల పడుతుందన్నారు. సి.ఐ. రోజూ పోయి వాళ్ల బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. జిడ్డు అన్న పేరు ఊరికే రాలేదు. వారం తిరక్కుండా వాళ్లే విసిగి కాగితం చేతిలో పెట్టారు.

కడుపులో, రక్తంలో నిద్రమాత్ర జాడే లేదు.

మరి షీటు ఖాళీ చేసిందెవరు?

గౌను ఒక సంచిలో స్టేషన్‌కి వచ్చింది. డాక్టరు ముందువైపు కత్తెరతో పైనుంచి కిందకి కోసి తీశాడు. వెనకవైపు ఎవరూ చూడలేదు. చూడాల్సిన పని లేదనుకున్నారు. సి.ఐ. దాన్ని బల్ల మీద బోర్లా పరిచి చాలాసేపు చూశాడు. జిప్ లేదు. హుక్కు లేదు. గుండీ లేదు. నడుము దగ్గర పిడికెడంత ఉంది, భుజాలు పట్టవు. ఇందులోకి మనిషి ఎలా దూరింది?

అద్దాల కింద వేలు పెట్టి తడిమాడు. నడి వీపున పైనుంచి కింద దాకా చేత్తో వేసిన కుట్లు తగిలాయి, కుట్టు కుట్టుకీ చిన్న ముడి.

స్కూలుకి వెళ్లి టీచరమ్మని అడిగాడు. ఆ అమ్మాయి స్టాఫ్‌రూమ్‌లో ఒక్కత్తే కూర్చుని, దిద్దాల్సిన పేపర్లు ముందు పెట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. తొమ్మిది రోజులుగా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. గౌను గురించి అడిగితే మాత్రం వివరంగా చెప్పింది. ఆ రోజుల్లో జిప్ పెడితే వీపు మీద గీతలా కనబడుతుందని, గౌను ఒంటి మీదే కుట్టేవారట. ఒంటిపేట దారం, చివర ముడి వెయ్యరు. పాట అయిపోగానే తెర వెనక ఒక్క లాగు లాగితే మొత్తం ఊడొస్తుంది, వెంటనే ఇంకో గౌను. ముడి వెయ్యకూడదన్నది వాళ్లకి ప్రాణంతో సమానమైన నియమం. చిన్నప్పుడు తెర వెనక స్టూలు మీద కూర్చుని అదంతా చూస్తూ నిద్రపోయేదాన్నని చెప్పి ఆగిపోయింది.

"ఎవరు కుట్టేవారు?" అన్నాడు సి.ఐ.

చెప్పబోయి, ఆయన ముఖం చూసి, టీచరమ్మ మాట మింగేసింది.

మర్నాడు డిస్కో ఇంట్లోనే అందర్నీ కూర్చోబెట్టాడు. టీచరమ్మ, పిన్ని, ఆర్గనైజర్, ఎస్సై. గౌను బల్ల మీద బోర్లా పెట్టాడు. గుమ్మడికాయ దొంగ అనకముందే ఆర్గనైజర్ భుజాలు తడుముకుంటున్నాడు. పిన్ని మాత్రం గౌను వైపు చూడటమే లేదు. నలభై ఏళ్లు చేత్తో తడిమిన బట్టని ఆమె చూడలేకపోతోంది.

సి.ఐ. గొంతు పెంచకుండా మొదలుపెట్టాడు. మాత్రలు మింగలేదు కాబట్టి ఇది ఆత్మహత్య కాదన్నాడు. టీచరమ్మ తలెత్తింది. తన వీపు తనే కుట్టుకునే మనిషి లోకంలో లేదు, కాబట్టి ఆ సాయంత్రం ఇంట్లో ఇంకొకరున్నారన్నాడు. ఆ వచ్చినవాళ్ల చెయ్యి ఎలాంటిదంటే, బిగుతు బట్టని ఒంటి మీద మెడ నుంచి నడుము కింద దాకా కుట్టినా, పోస్ట్‌మార్టంలో ఆ పొడుగునా వీపు మీద ఒక్క సూదిపోటు కనబడలేదు.

"కానీ మెడ కింద నాలుగున్నాయి," అన్నాడు. "అక్కడ మాత్రమే. సరిగ్గా అక్కడే గౌనుకి మొదటి మూడు ముళ్లు విప్పి ఉన్నాయి. తెంపలేదు, కొయ్యలేదు. సూదిమొనతో విప్పారు. అంత నేర్పున్న చెయ్యి అప్పుడెందుకు వణికింది? ముళ్లెందుకున్నాయి అసలు? మీ పనిలో ముడి వెయ్యకూడదు కదమ్మా?"

పిన్ని చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"ఊడిపోయింది సార్," అంది చివరికి.

ఆ తర్వాత ఆపకుండా చెప్పేసింది. ఆ సాయంత్రం అక్క రమ్మంది. గౌను వేసుకుని ఒకసారి చూసుకుంటానంది. డాక్టరు ఎగరొద్దన్నాడని తను మొత్తుకుంది. నిలబడి చూసుకుంటానంతే అని అక్క ఒట్టేసింది. పిన్ని ఎప్పటిలాగే ఒంటిపేటతో కుట్టింది. అక్క ఒళ్లు చేసింది కదా, చెయ్యెత్తగానే ఫట్‌మని వీపంతా తెరుచుకుంది. స్టేజీ మీద ఇలా అయితే జనం నవ్వుతారే, గట్టిగా వెయ్యి అంది అక్క. పిన్ని రెండు పేటల దారం తీసింది, కుట్టు కుట్టుకీ ముడి వేసింది. జన్మలో మొదటిసారి వేసింది. అక్క టేపు పెట్టింది. పాట మొదలైతే ఆ మనిషి నిలబడుతుందా? సగం పాటకి ఊపిరందడం లేదు, విప్పవే అంది.

"కత్తెర పక్కనే ఉంది," అంది పిన్ని. "చేతిలోకి కూడా తీసుకున్నాను. కోసేస్తే అయిపోయేది. బట్ట కొయ్యడానికి చెయ్యి రాలేదు సార్. ఒక్కో అద్దం నేను కుట్టింది. ముళ్లు విప్పుదాం, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అనుకుంటూ సూది తీశాను. నాలుగో ముడి దగ్గర అక్క నా మీదకి ఒరిగిపోయింది."

ఎస్సై ముఖం తిప్పేసుకున్నాడు. పిన్ని భయపడిపోయింది. తనే చంపిందంటారని, జైల్లో వేస్తారని అనుకుంది. అక్క వాడే నిద్రమాత్రలు సింకులో పోసి, ఖాళీ షీటు బల్ల మీద పెట్టి, తలుపు లాక్కుని వెళ్లిపోయింది. ఫోన్ రావడం, అక్క ఏడవడం, అంతా కల్పన.

సి.ఐ.కి అప్పుడు కోపమొచ్చింది. ఇన్నాళ్ల సర్వీసులో దొంగల మీద, హంతకుల మీద రానంత కోపం. "గుండెజబ్బు మనిషికి గౌను కుట్టడం నేరమో కాదో కోర్టు చెబుతుందమ్మా. భయంతో మాత్రలు పారబోశారు, దానికీ శిక్షుంది, పడతారు. కానీ ఈ పిల్ల తల్లిని నేనే చంపుకున్నానని నా ముందు నిలబడి చెబుతుంటే, మీరు దాన్ని హత్తుకుని అవునంటారా? దానికి నా దగ్గర సెక్షను లేదు," అన్నాడు.

పిన్ని ఏడుస్తోంది. టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. వచ్చి పిన్ని ముందు నిలబడింది. కొడుతుందేమోనని ఎస్సై ఒక అడుగు ముందుకేశాడు.

"నా ఫోన్ సంగతి అమ్మ నీకు చెప్పిందా?" అంది.

పిన్ని తలూపింది. కుడుతున్నప్పుడు చెప్పిందంది.

"ఏడ్చిందా?"

"లేదు." పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నవ్వింది. నవ్వితే కుట్లు వంకరపోతాయి కదలొద్దని నేను కసిరాను కూడా. అది రానంటే వస్తుందనే అర్థమే, చిన్నప్పుడు స్కూలుకి వెళ్లనంటూనే చెప్పులేసుకునేది అంది. తిట్టుకుంటూనైనా వస్తుంది చూడు, ముందు వరసలో దానికో కుర్చీ అట్టేపెట్టించు అంది."

పది రోజులుగా రాని ఏడుపు టీచరమ్మకి అప్పుడొచ్చింది. ఈ ఒక్క మాట చెబితే ఆ సాయంత్రం ఇక్కడున్నట్టు బయటపడుతుందని, పిన్ని దాన్ని కడుపులోనే దాచేసుకుంది. మాత్రలు పారబోయడం కాదు ఆమె చేసిన అసలు తప్పు, ఈ మాట దొంగిలించడం.

మహిళా కానిస్టేబుల్ వచ్చి పిన్ని భుజం మీద చెయ్యి వేసింది. జీపు బయట సిద్ధంగా ఉంది. పిన్ని చేతులు జోడించి ఏదో అనబోయింది. టీచరమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. క్షమించిందా అంటే, లేదు. ఆ ముఖంలో అది ఎక్కడా లేదు.

"అమ్మ ఏమందో మళ్లీ చెప్పు," అంది.

పిన్ని మళ్లీ చెప్పింది, మొదటి నుంచి. సి.ఐ. కానిస్టేబుల్‌ని ఆగమని సైగ చేసి, తను గుమ్మం బయటికెళ్లి నిలబడ్డాడు. లోపల టీచరమ్మ మూడోసారి అడుగుతోంది.